చిటికెన పుల్ల ఆలస్యం

నేను జీవితమంతా ఏం పని చేశానో మా ఆవిడ ఒక్క ముక్కలో చెబుతుంది: "మా ఆయన డబ్బాల డప్పు కొడ్తడు." ఇంతకన్నా సరిగ్గా నేనూ చెప్పలేను. మా నాన్నది సూర్యాపేటలో కిరాణా కొట్టు. నాది ఉత్త కొట్టుడు. అదీ చేత్తో కాదు, కంప్యూటర్ మీటలతో. పాటలకు తాళం వేయడమే వృత్తిగా పెట్టుకున్నవాణ్ణి, ఇంటికి తాళం వేశానో లేదో గుర్తురాక సగం దారి నుంచి వెనక్కి వచ్చిన రోజులు లెక్కలేదు.

పదవీ విరమణ అనేది నాకు పెద్ద మాట. విరమించడానికి ముందు పదవి ఉండాలి కదా. చెవుల్లో సన్నగా ఈల మొదలైంది. హెడ్‌ఫోన్లు పక్కన పెట్టమని డాక్టరు చెప్పాడు. పెట్టాను. అంతే విరమణ. ఇప్పుడు స్టూడియోల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ సౌండ్లు పోగుచేసుకోవాలి అని అడుగుతుంటారు. ఆ రెండూ నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళు అడగనిది ఒకటుంది. అది నేను ఆలస్యంగా, నలుగురిలో తల దించుకుని నేర్చుకున్నాను. అందుకే రాస్తున్నాను.

ఎవరూ తెరవని పేజీ

నేను వాడింది ట్రాకర్ అనే రకం సాఫ్ట్‌వేర్. మిగతావాటిలో పాట ఎడమ నుంచి కుడికి రైలులా పోతుంది. ట్రాకర్‌లో పై నుంచి కిందికి, బడిలో హాజరు పట్టీ చదివినట్టు దిగుతుంది. ఒక్కో వాయిద్యానికి ఒక్కో నిలువు పట్టీ ఉంటుంది, దాన్ని ట్రాక్ అంటాం. అడ్డంగా వరుసలు ఉంటాయి. ఏ వరుసలో దెబ్బ రాస్తే, గీత అక్కడికి దిగినప్పుడు ఆ దెబ్బ మోగుతుంది. లోకమంతా వేరేవి వాడుతుంటే నేను దీన్నే ఎందుకు పట్టుకున్నానంటే, మా స్టూడియోలోని పాత కంప్యూటర్ మోయగలిగింది ఇదొక్కటే. ప్రేమ పెళ్ళి అని చెప్పుకుంటాను గానీ, నిజానికి గతిలేక కుదిరిన సంబంధం.

ఇందులో పాట మొత్తానికి వర్తించే సెట్టింగుల పేజీ ఒకటుంది. నిమిషానికి ఎన్ని దెబ్బలు, ఒక్కో దెబ్బకు ఎన్ని వరుసలు అనేవి అక్కడే పెట్టాలి. వాటి కింద గ్రూవ్ అని నాలుగు జారుడు మీటలుంటాయి. వరుసలను జతలు జతలుగా ఊహించుకోండి. జతలో ముందు వరుస కదలదు. వెనక వరుస మాత్రం మనం మీట ఎంత జరిపితే అంత ఆలస్యంగా మోగుతుంది. నాలుగు మీటలకు నాలుగు జతలు, అయిపోగానే మళ్ళీ మొదటికి. మీటలన్నీ సున్నా దగ్గర ఉంటే పాట పరేడ్‌లో పోలీసులా నడుస్తుంది. కాస్త జరిపితే బరాత్‌లో పెళ్ళికొడుకు దోస్తుల్లా నడుస్తుంది. ఎక్కువ జరిపితే ఆ దోస్తులే తెల్లారి ఇంటికి పోతున్నట్టు నడుస్తుంది.

కొత్తవాళ్ళు ఈ పేజీ తెరవరు. చేరిన కొత్తలో నేనూ తెరవలేదు. తెరిపించినవాడు మా ఓనరు సత్తెన్న.

సత్తెన్నకు సంగీతం రాదు. అంతకుముందు ఆయనది క్యాసెట్ల దుకాణం. ఆ గదికే కాస్త స్పాంజి అంటించి స్టూడియో అన్నాడు. రాగం తెలియకపోయినా గిరాకీ చెవి మాత్రం ఆయనకు ఉండేది. ఒకసారి నేను బరాత్ పాట చేసిన ఫైలులోనే దెబ్బలు చెరిపేసి భజన పాట చేశాను. దెబ్బలైతే చెరిపాను గానీ, గ్రూవ్ మీటలు బరాత్‌లోనే ఉండిపోయాయి. భజన వాళ్ళు వచ్చే వేళకు సత్తెన్న తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

"నర్సిగా, హనుమంతుడు కుంటుతుండేందిరా?"

"కుంటుడు కాదన్నా, అది స్వింగు."

"స్వింగో గింగో! సముద్రం దాటినోడు నీ పాటల గడప దాటలేకపోతుండు. సాపు చెయ్."

చేశాను. ఆ రోజు నుంచి ఏ పాటకైనా ముందు ఆ పేజీ తెరిచి, నాలుగు మీటలూ సున్నాకు లాగిన తర్వాతే మొదటి దెబ్బ రాసేవాణ్ణి. సాపుగా ఉండటమే నా మతమైపోయింది. ఈ సగం పాఠానికి సత్తెన్నకు ఇప్పటికీ దండం పెడతాను. మిగతా సగం ఆయనకూ తెలియదు.

ఆయనకు ఇంకో నియమం ఉండేది: పాటలో ఖాళీ ఉండకూడదు. "పాటల సందిస్తే గిరాకీ పక్క సందులకు పోతడు" అనేవాడు. క్యాసెట్ల కాలంలో అది నిజమే. మధ్యలో కాసేపు చప్పుడు లేకపోతే టేపు అయిపోయిందనో చెడిపోయిందనో జనం దుకాణానికి తిరిగి తెచ్చేవారట. ఆ దెబ్బలు తిన్న మనిషి కాబట్టి, నా పాటల్లో రెండు ఊపిర్ల ఖాళీ కనిపించినా కోసేయమనేవాడు. నేను కోసేవాణ్ణి. కోసి కోసి, ఖాళీ కనిపిస్తే చెయ్యి దానంతటదే పోయే స్థితికి వచ్చాను. సత్తెన్న పనులు మానుకుని గది తాళాలు నాకు అప్పగించాక కూడా, ఆ రెండు నియమాలూ గోడకు గడియారంలా వేలాడుతూనే ఉన్నాయి.

ఎల్లమ్మక్క తెచ్చిన పని

మిర్యాలగూడ పక్క ఊరి నుంచి ఒక రోజు ఆటోలో ముగ్గురు వచ్చారు. ముందు ఎల్లమ్మక్క. పదహారు మంది ఆడవాళ్ళ కోలాటం జట్టుకు ఆమే పెద్ద. వెనక ఆమె పెనిమిటి యాదగిరి, ఒక చేత్తో ఆటో కడ్డీ పట్టుకుని మెల్లగా దిగాడు. మూడో మనిషి జట్టులోని సుజాత, ఒక చంకన డప్పు, ఇంకో చేతిలో గడ్డి కుక్కిన సంచి.

కోలాటానికి మామూలుగా ఢోలక్ ఉంటుంది. వీళ్ళ జట్టు మాత్రం మొదటి నుంచీ యాదగిరి డప్పు మీదే ఆడింది. ఆ ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి ఇంటికైతే వచ్చాడు, కుడిచేయి మాత్రం రాలేదు. మాట కూడా ఒక్కొక్కటిగా, వెతుక్కున్నట్టు వస్తోంది.

కోదాడలో ఏటా జరిగే ఉత్సవంలో మొదటి ఆట వీళ్ళదే. ఈ సంగతి తెలిసి అక్కడి కమిటీ వాళ్ళు వేరే జట్టును పిలుస్తామన్నారట. ఎల్లమ్మక్క పోయి బతిమాలింది.

"ఒక్కసారి సూడుండ్రి, బాగలేకుంటే మల్ల పిలవకుండ్రి అని చెప్పొచ్చిన సారూ" అంది. "ఈయన దరువు నీ కంప్యూటర్ల ఎక్కియ్యాలె. రెడీమేడ్ పాటలు మస్తున్నయ్, నాకెరుకే. అవి పెట్టుకుందమని మా జట్టుల సగం మంది అంటుండ్రు. కోదాడల మనం ఆగమైతే ఇగ జట్టు లేదు, ఈయన దరువూ లేదు."

యాదగిరి నా వైపు చూశాడు. "చెయ్యి... పోయింది నర్సన్నా. దరువు... పోలే" అన్నాడు. ఎడమ చేత్తో గుండె తట్టుకుని, "ఈడున్నది" అన్నాడు.

అంతకుముందు ఎన్నో పాటలు చేశాను గానీ, మనిషి లోపలున్నది బయటికి తీయమని ఎవరూ అడగలేదు. ఉత్సవానికి ఇరవై రోజులుంది. చేసి తీరాలి అనుకున్నాను.

నేను చేసిన శుభ్రమైన పని

డప్పుకు రెండు పుల్లలు. కుడిచేతిలో లావుపాటి చిర్ర, అది అసలు దెబ్బ వేస్తుంది. ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల, అది మధ్య మధ్య గలగలలాడుతుంది. స్టూడియో వెనక ఎల్లమ్మక్క గడ్డి మంట వేసి డప్పు కాచింది. తోలు బిగిసి ఖణేల్‌మంది. యాదగిరి ఎడమచేయి బాగానే ఉంది కనుక చిటికెన పుల్ల దెబ్బలు ఆయనవే రికార్డు చేశాను. చిర్ర దెబ్బలకు ఆయన కుడిచేతిగా ఎల్లమ్మక్క నిలబడింది.

"గట్టిగ... గొట్టు" అన్నాడు యాదగిరి.

"ఇన్నేండ్లు నిన్ను గొట్టకుండ ఓపిక పట్టిన. ఇయ్యాల నీ డప్పు మీద తీరుస్తున్న" అంది ఆమె. ఆయన నవ్వాడు. ఆ నవ్వు కూడా రికార్డయింది.

దరువు అసలు నడకకు సుజాత ఫోనులో పోయిన ఏటి కోదాడ ఆట ఉంది. దాన్ని పెట్టుకుని వారం రోజులు కూర్చున్నాను. విడత విడతకూ వేగం కొంచెం పెరుగుతోంది. దాన్ని దెబ్బ దెబ్బ లెక్కపెట్టి సరిగ్గా పట్టుకున్నాను. ప్రతి జతలో ముందు వరుసలో చిర్ర దెబ్బ, వెనక వరుసలో పుల్ల దెబ్బ రాశాను. చిటికెన పుల్ల అక్కడక్కడ వెనకబడుతున్నట్టు వినిపించింది. పాపం వయసు, పైగా గాలికి ఊగే ఫోను రికార్డింగు అనుకున్నాను. పేజీ తెరిచి, నా మతం ప్రకారం నాలుగు మీటలూ సున్నాకు లాగాను. ప్రతి దెబ్బా బియ్యపు గింజలు ఏరి పేర్చినట్టు కూర్చుంది.

ఇంకొకటి చేశాను. ఆ రికార్డింగులో కొన్ని నిమిషాలకోసారి డప్పు ఆగిపోతోంది. ఏదో చిటపట, ఆడవాళ్ళ మాటలు, నీళ్ళ బిందె చప్పుడు, మళ్ళీ డప్పు. సత్తెన్న నా చెవిలోనే కూర్చున్నాడు కదా, అవన్నీ కోసేశాను. అతుకు కూడా తెలియకుండా అరగంట ఆట ఒకే ధారగా తయారైంది. నా వృత్తి జీవితంలో అంత శుభ్రమైన పని చేయలేదని మా ఆవిడతో చెప్పాను. "ఇల్లు కూడ గట్లనే శుభ్రం జెయ్యరాదు" అంది.

కల్లం మీద

మిర్యాలగూడలో ఖాళీగా ఉన్న ఒక మిల్లు కల్లం మీద, వడ్లు ఆరబోసే సిమెంటు నేల మీద, పొద్దున్నే ఆట పెట్టారు. లాప్‌టాప్, రెండు స్పీకర్లు తీసుకుని వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలో యాదగిరి. రెండు వలయాలుగా పదహారు మంది. మీట నొక్కి, మెచ్చుకోలు కోసం కాస్త తల పైకెత్తాను.

రెండో చుట్టుకే కోలలు తప్పడం మొదలైంది. ఒకరి కోల గాలిని కొడుతోంది, ఇంకొకరిది పక్కామె గాజులను. నాలుగో చుట్టులో సుజాత వేళ్ళ మీద పడింది. "అవ్వా!" అని చెయ్యి ఊపుకుంటూ ఆగిపోయింది.

"ఏంది సారూ, గిట్ల ఉరుకుతుంది?" అంది ఎల్లమ్మక్క.

"ఉరుకుతలేదక్కా. పోయినేడు ఎంత వేగమో గంతే. కావాల్నంటే సూడు" అని లాప్‌టాప్ ఆమె వైపు తిప్పి అంకె చూపించాను. ఆ అంకె నిజమే, ఒక్క వీసం కూడా తేడా లేదు.

ఆమె అంకెను చూసింది, నన్ను చూసింది. "అంకె ఆడుతదా సారూ? ఆడేది మేం గదా!"

పదహారు మందీ నవ్వారు. నేను మళ్ళీ పెట్టాను, మళ్ళీ తప్పింది. జట్టులో ఒకామె, "రెడీమేడ్ పాటైతే గీ పరేషాన్ లేకుండె" అని అందరికీ వినిపించేలా గొణిగింది. ఎల్లమ్మక్క మొహం వాడిపోయింది. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. ఇది నా పాట బాగుందా లేదా అన్న గొడవ కాదని, ఈ కల్లం మీద ఒక జట్టు విడిపోబోతోందని అర్థమైంది.

యాదగిరి ఎడమ చేయి ఎత్తాడు. "పుల్ల... తొందర" అన్నాడు.

"పుల్ల సరిగ్గ నడుమల పడుతుందన్నా."

"నడుమ గాదు. ఆడోళ్ళ... కాలు సూడు."

అంతవరకు నేను స్క్రీన్ తప్ప కాళ్ళు చూడలేదు. చిటికెన పుల్ల దెబ్బలున్న ట్రాక్ మూసేసి, చిర్ర దెబ్బలు మాత్రం వినిపిస్తూ ఆడమన్నాను. యాదగిరి ఆ ఆటను చూస్తూ కుర్చీ చేతిమీద ఎడమ వేళ్ళతో పుల్ల దెబ్బలు వేశాడు. నేను నేల మీద కూర్చుని ఒక కన్ను ఆయన వేళ్ళ మీద, ఒక కన్ను వాళ్ళ మడమల మీద పెట్టాను. మొదటి జతలో వేళ్ళు సరిగ్గా నడుమనే పడ్డాయి, ఆలస్యం లేదు. రెండో జతలో కొంచెం ఆలస్యం, అక్కడ వాళ్ళు ఒరుగుతున్నారు. మూడో జతలో మళ్ళీ సాపు. నాలుగో దాంట్లో వాళ్ళు వెనక్కి తిరిగి కొత్త జోడీకి ఎదురవ్వాలి. మడమ తిరిగి నేలకు ఆనేదాకా యాదగిరి వేళ్ళు గాలిలోనే ఆగుతున్నాయి. ఆనగానే పడుతున్నాయి.

ఆయన వెనకబడటం లేదు. ఎదురుచూస్తున్నాడు.

నేను వయసు అనుకుని దిద్దేసింది ఇదీ. ఆ పేజీలో నాలుగు మీటలు ఎందుకున్నాయో, అన్నింటినీ కట్టగట్టి సున్నాకు లాగేందుకు కాదని, ఇన్నేళ్ళకు కల్లం మీద కూర్చుంటే తెలిసింది. మొదటిదీ మూడోదీ కదపలేదు. రెండోదాన్ని కొంచెం, నాలుగోదాన్ని బాగా జరిపాను. గ్రూవ్ పాట మొత్తానికి పడుతుంది గనుక, డప్పుకు తోడుగా నేను వెనక వరుసల్లో రాసిన కంచు తాళాలు కూడా వాటితో పాటు కుంటడం మొదలుపెట్టాయి. ఆ తాళాలన్నీ ఏరి, కదలని ముందు వరుసల్లోకి ఎక్కించాను. మధ్యాహ్నమైంది. ఎవరూ ఇంటికి పోతామనలేదు.

మళ్ళీ పెట్టాను. పదహారు జతల కోలలు ఒకే చప్పుడుగా పలికాయి. సుజాత తన వేళ్ళు చూసుకుని, "సల్లగుండు సారూ" అంది.

కోసేసిన చిటపట

అక్కడితో ఆగితే కథ బాగుండేది. నా తప్పులు జంటగా వస్తాయి.

పన్నెండో నిమిషానికి ఒక పెద్దామె వలయంలోంచి బయటికి వచ్చి, నేల మీద చతికిలబడి ఆయాసపడింది. ఇంకాసేపటికి ఇంకొకామె. పోయిన ఏడు ఇంతకన్నా ఎక్కువసేపు ఆడినవాళ్ళే.

"పోయినేడు దమ్ము రాలేదా అమ్మా?" అని అడిగాను.

"పోయినేడు డప్పు కాచుకునేటందుకు ఆపేటోడు గదయ్యా!" అంది ఆ పెద్దామె, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "గప్పుడే నీళ్ళు తాగుదుము, కొంగు చెక్కుకుందుము. లోపలోళ్ళు బయటికి, బయటోళ్ళు లోపలికి మారుదుము. నీ డబ్బా డప్పు సల్లారదాయె. మేమేమన్న డబ్బాలమా?"

ఎవరూ నవ్వలేదు. నేను కూడా.

రికార్డింగులో వినిపించిన చిటపట గడ్డి మంటది. డప్పు తోలు ఆడుతూ ఆడుతూ చల్లారి వదులవుతుంది, దాన్ని మళ్ళీ కాచుకోవాలి. అది డప్పు కోసమే అనుకుంటాం గానీ, ఆ కాచుకునేంత సేపటి మీదే జట్టు ఊపిరి ఆధారపడి ఉంది. ఇంకో సంగతి కూడా ఎల్లమ్మక్క చెప్పింది. చప్పుడు ఖణేల్ నుంచి దబదబకు దిగుతుంటేనే వాళ్ళకు తెలిసిపోతుందట, ఇంకో రెండు చుట్లలో ఆపుతాడని. మిగిలిన సత్తువను దానికి తగ్గట్టు దాచుకుంటారు. నా పాటలో మొదటి దెబ్బా చివరి దెబ్బా ఒకే ఖణేల్. పైగా ఊపిరి తీసుకునే చోట్లన్నీ కోసి పారేసింది నేనే.

క్యాసెట్ అమ్మేవాడికి ఖాళీ నష్టం. ఆడేవాళ్ళకు అది నీళ్ళ బిందె. సత్తెన్న తప్పు చెప్పలేదు. ఆయన తన దుకాణం గురించి చెప్పింది నేను కల్లం మీదికి మోసుకొచ్చాను.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. డప్పును వేడిగా ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, చల్లారాక ఒకసారి రికార్డు చేశాను. ప్రతి విడతా ఖణేల్‌మంటూ మొదలై మెల్లగా మెత్తబడేలా రాశాను. ఎల్లమ్మక్కను నిజంగా గడ్డి వేసి డప్పు కాచమని, మొదటి పొగ నుంచి తోలు మీద వేలితో మీటి "ఆఁ" అనేదాకా ఎన్ని దెబ్బల కాలం పడుతుందో లెక్కపెట్టాను. అన్ని ఖాళీ వరుసలు పెట్టాను. ఏమీ రాయకుండా ఉండటాన్ని అంత శ్రద్ధగా రాయడం నాకదే మొదలు. ఆ ఖాళీలో ఫోనులోని చిటపట ఒక్కటే ఉంచాను.

వెళ్ళిన ప్రతిసారీ ఆడించి చూశాను. ఇరవై రోజుల్లో ఏడుసార్లు సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు తిరిగాను. రెడీమేడ్ పాట అన్నామె ఐదోసారికి నాకు చాయ్ తెచ్చిచ్చింది.

కోదాడ

నేరేడుచర్ల దాటాక ఆటోలో నా కాళ్ళ దగ్గర గడ్డి సంచి తగిలింది.

"ఇప్పుడిదెందుకక్కా? మంట పాటలనే ఉన్నది గద" అన్నాను.

"అలవాటు సారూ. ఆయన దరువంటే గడ్డి లేకుండ ఇల్లు కదలం" అంది. యాదగిరి ఒళ్ళో డప్పు ఉంది. అదీ అలవాటే కాబోలు అనుకున్నాను.

కోదాడలో మైక్ సెట్ అతను పాటను పెన్ డ్రైవ్‌లో ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. నా లాప్‌టాప్ నుంచే పెడతానని భీష్మించుకు కూర్చున్నాను. మొదటి విడత బాగా సాగింది. నాలుగో జత దగ్గర మడమలు తిరిగాయి, కోలలు పలికాయి. ముందు వరుసలో కమిటీ పెద్దాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. చప్పుడు మెత్తబడింది, ఆగింది.

ఖాళీ మొదలైంది.

కల్లం మీద అది చిన్న ఖాళీ. అంత జనం ముందు అది నాగార్జున సాగర్ అంత అయింది. వెనక ఈలలు, ఆ గోలలో స్పీకర్లలోని చిటపట ఎవరికీ వినిపించలేదు. మైక్ సెట్ అతను పరుగెత్తుకొచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి వేయబోయాడు.

"పాట ఆగిపోయిందండీ! ఇంకోటి పెట్టేస్తా, జరగండి!"

"ఆగలే తమ్మీ, నడుస్తుంది. సూడు" అని చెయ్యి పట్టుకుని స్క్రీన్ చూపించాను. ఖాళీ వరుసలు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. అతను నన్ను జాలిగా చూశాడు.

కమిటీ పెద్దాయన లేచాడు. "ఏమైందమ్మా? అందుకే ముందే చెప్పాను మీకు, ఆయన లేకుండా..."

ఎల్లమ్మక్క ఆయన మాట వినడం లేదు. మైదానం అంచున సంచి బోర్లించి గడ్డి అంటించింది. మంట లేచింది. యాదగిరి ఒళ్ళోంచి డప్పు తీసుకుని మంట మీద తిప్పుతోంది. ఇది మేం అనుకున్నది కాదు, నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. జట్టువాళ్ళు నీళ్ళు తాగుతున్నారు, కొంగులు చెక్కుకుంటున్నారు. ఈలలు ఆగి జనం మంట వైపు తిరిగారు. ఆమె తోలు మీద వేలితో మీటి, "ఆఁ" అంది. డప్పు తెచ్చి భర్త ఎడమ భుజానికి తగిలించి మోకాలికి ఆనించింది. ఎడమ చేతిలో చిటికెన పుల్ల పెట్టింది.

ఖాళీ ఇంకో పదహారు వరుసలుంది. పాట మొదలైతే పుల్లలు రెండవుతాయి, ఒకటి నాది, ఒకటి ఆయనది. రెండూ కలిస్తే ఆడవాళ్ళు ఏది వినాలి? నా ఇరవై రోజుల పనంతా ఆ ట్రాక్‌లోనే ఉంది. ఆయన చేయి ఆగిపోతే? మధ్యలో అలసిపోతే? ఎనిమిది వరుసలు. నాలుగు.

చిటికెన పుల్ల ట్రాక్ మూసేశాను.

స్పీకర్లలోంచి చిర్ర పడింది, కుర్చీలోంచి పుల్ల పడింది. నాలుగో జత దగ్గర నేను పెట్టిన ఆలస్యం నాకు కంఠతా వచ్చు. ఆయన దానికన్నా ఇంకా రవ్వంత ఎక్కువ ఆగాడు. ఆ రోజు నేల ఇసుక నేల, మడమ తిరగడానికి ఆ రవ్వంత కావాలి. కాళ్ళు ఆనాయి, పుల్ల పడింది, పదహారు జతల కోలలు ఒక్కటిగా పలికాయి. కమిటీ పెద్దాయన మెల్లగా కూర్చున్నాడు.

ఆట అయ్యాక ఆయనే యాదగిరి కుర్చీ దగ్గరికి వచ్చాడు. "వచ్చే ఏడు కూడా మొదటి ఆట మీదేనండీ. ఆ మంట మాత్రం తీసెయ్యకండి, బాగుంది."

యాదగిరి నన్ను దగ్గరికి పిలిచాడు. "నర్సన్నా... నీ పుల్ల యాడ వాయె?"

"మూసేసిన."

"మంచిగ... జేసినవ్."

నాకు అంతకుముందు ఎవరూ ఇలాంటి మెప్పు ఇవ్వలేదు. ఉన్నది తీసేసినందుకు మెప్పు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు చెప్పేది ఇంతే. ఆ పేజీ ముందు తెరవండి, కానీ మీటలు వెంటనే పట్టుకోకండి. ముందు ఎవరు ఆడతారో, ఏ నేల మీద ఆడతారో వెళ్ళి చూడండి. మీ చెవికి తప్పుగా వినిపించిన ప్రతిదాన్నీ దిద్దే ముందు, అది ఎవరికోసం ఆగిందో అడగండి. అడగకుండా దిద్దడం నాకు బాగా వచ్చు, నేర్పమన్నా నేర్పను.

జట్టు ఇప్పటికీ ఆ ఫైలుతోనే ఆడుతోంది. అందులో పుల్ల ట్రాక్ మూసే ఉంటుంది. యాదగిరి కుర్చీలో కూర్చుని కొడతాడు. నేను వెంట వెళ్ళడం మానేశాను గనుక లాప్‌టాప్ మీద నా ఫోన్ నంబరు అంటించి ఇచ్చాను. ఏ ఊళ్ళో ఆట ఉన్నా, మొదటి విడత అయిన నిమిషానికి ఆ ఊరి మైక్ సెట్ అతను ఫోన్ చేస్తాడు. "సార్, సార్, పాట ఆగిపోయింది!"

"ఆగలే తమ్మీ" అంటాను. "మంట అంటుకున్నదా, సూడు."